అయిదో ఇల్లు

ఒరోకోవిస్ కొండల్లో పండగ ఒక రోజుతో పోదు.
నవంబరు చివర్లో పంది కాల్చిన పొగతో మొదలై
ముగ్గురు రాజుల రోజు దాటి
ఇంకో ఎనిమిది రోజులు లాగుతుంది.
అప్పటికి నా గొంతు పోయి, మడమలు పగిలి,
బేకరీ యజమాని నన్ను తిట్టడం కూడా మానేసి ఉంటాడు.

ఈ ఏడు మరీ ఊపిరాడలేదు.
సోమవారం పిన్ని వంటింట్లో పచ్చి అరటికాయలు కోరాం,
వేళ్ళు నల్లబడేదాకా.
ఏడుగురం, మూడొందల పొట్లాలు:
ఆకులో పెట్టి, మడిచి, దారం బిగించి.
దారం పళ్ళతో తెంపొద్దని అందరి మీదా అరుస్తూ
తనే పళ్ళతో తెంపేది మిగ్దాలియా.
బుధవారం తమ్ముడి కూతురికి బాప్తిస్మం.
గురువారం ఏం జరిగిందో గుర్తులేదు,
కొబ్బరిపాలు కలిపిన రమ్ము మాత్రం గుర్తుంది.

శుక్రవారం రాత్రి పదకొండున్నరకి
ఎస్తాకియో మామ ట్రక్కు లైట్లార్పుకుని వాకిట్లో ఆగింది.
అదే పిలుపు.

మా ఆచారం చెప్తే దొంగతనంలా ఉంటుంది:
నిద్రపోయే ఇల్లు ఒకటి చూసుకుని
పిల్లి అడుగులతో కిటికీ కిందకి చేరి,
ఊపిరి బిగబట్టి,
మామ కనుబొమ్మ ఎగరేయగానే
క్వాత్రో, డప్పులు, గీతలు చెక్కిన సొరబుర్ర, గొంతులు
అన్నీ ఒక్కసారిగా మీద పడాలి.
లేచినవాళ్ళు తిండి పెట్టాలి.
తిన్నాక వాళ్ళూ మాతో రావాలి, మరో ఇంటి మీదకి.

మందుల షాపు రామిరో నిక్కరుతోనే తలుపు తీశాడు.
కొత్త జంట చాలాసేపు తీయలేదు, మేం ఏమీ అనలేదు.
మూడో ఇంట్లో మనుషుల్లేరు; కుక్కకే పాడాం,
బుద్ధిగా విన్నది.
నాలుగో ఇల్లు కదిలేసరికి ఇరవై ఆరుగురం,
తొమ్మిదేళ్ళ మేనల్లుడు యాదియెల్‌తో కలిపి.
వాడికిదే తొలిసారి. గిలక్కాయలు చప్పుడు కాకుండా
కడుపుకి అదుముకుని నడుస్తున్నాడు,
ఎత్తుకొచ్చిన కోడిపిల్లల్ని దాచుకున్నట్టు.

మలుపు దగ్గర మామ ఎడమకి తిప్పాడు.
"ఎటు?" అంది అమ్మ, ముందు సీట్లోంచి.
"ప్రొవీ ఇంటికి."
ట్రక్కులో ఎవరూ మాట్లాడలేదు.
కోకీ కప్పలు మాత్రం ఆపలేదు.

తుఫాను వచ్చిన ఏడు
నాలుగు నెలలు కరెంటు లేదు మా కొండకి.
మా జనరేటరు నుంచి తన ఫ్రిజ్‌కి
ఒక్క తీగ లాక్కుంటానని అడిగింది ప్రొవిదెన్సియా.
పెట్రోలు లేదంది అమ్మ.
ఉంది.
డబ్బాలు నేనే మోశాను.

ఆమె గోడ పక్కన తడి గడ్డిలో నిలబడ్డాం.
మామ క్వాత్రో ఎత్తాడు.
పది తీగలు.
ఆమె అడిగింది ఒక్కటి.
నా సొరబుర్ర మీద పుల్ల కాసేపు ఆడలేదు.

రెండో చరణంలో లైటు వెలిగింది.
జుట్టుకి రోలర్లు, చేతిలో గరిటె.
ఈ వేళప్పుడు గరిటె ఎందుకో అర్థం కాలేదు.
"అయిదేళ్ళు," అంది.
"పండగ శుక్రవారం వచ్చిందంటే
కుండెడు కోడిజావ వండటం, తెల్లారి పందులకి పోయడం.
కాళ్ళు తుడుచుకుని రండి."

అమ్మ అందరికన్నా చివర దిగింది.
గోడకానుకుని గిన్నె అందుకుంది.
రెండు చెంచాలు మింగి, ఎవర్నీ చూడకుండా,
"ఉప్పు తక్కువైంది" అంది.

పాట ఆగింది. తీగ మీద మామ వేలు అలాగే ఉంది.

"డబ్బా నా దగ్గరుంది," అంది ప్రొవీ.
"మా ఇంట్లో, అడిగితే ఇస్తాం."

అమ్మ అడిగింది.

ఆరో ఇంటికి ప్రొవీయే ముందు నడిచింది,
రోలర్లు తీయకుండా,
గరిటెతో డప్పు కొట్టుకుంటూ, తాళం తప్పుతూ.
వెనకాల అమ్మ, ఖాళీ కుండ మోసుకుంటూ.
ఆ కుండ ఎందుకు తెచ్చిందో
తనకీ తెలియదు.

ఇప్పుడు అయిదున్నర.
ఆరింటికి బేకరీ తెరవాలి, నా ఒళ్ళంతా పొగ వాసన.
వెనక సీట్లో యాదియెల్
గిలక్కాయలు పట్టుకునే నిద్రపోయాడు.
ఒత్తిగిల్లినప్పుడల్లా
ఎవరిదో ఒక తలుపు తీయిస్తున్నాడు.